గురువు లేని చదువు: ఫ్రెంచి భాషాభ్యాసంలో ఉత్సాహాన్ని నిలుపుకొనుట

ఏ కార్యాన్నైనా ఆరంభించడం సులభం, కొనసాగించడం కష్టం. 'ఆరంభశూరత్వం' అనే మాటను మన పెద్దలు ఊరకే పుట్టించలేదు. ఈ శూరత్వం మిక్కిలిగా కనిపించే రంగాలలో పరభాషాభ్యాసం ఒకటి. అందునా తరగతి లేక, గురువు లేక, పరీక్ష లేక, ఒంటరిగా ఇంట కూర్చుండి ఒక కొత్త భాషను నేర్వబూనిన వానికి మొదటి వారంలో ఉన్న ఉత్సాహం నాలుగవ వారానికి మిగులుట అరుదు. నేను ఈ మాటను ఇతరులను చూచి చెప్పుట లేదు. ఫ్రెంచి భాషను స్వయంగా నేర్చుకోవాలని రెండు పర్యాయాలు ఆరంభించి, రెండు పర్యాయాలు విడిచిపెట్టి, మూడవ పర్యాయం ఎట్లో నిలదొక్కుకొన్నవాడను గనుక స్వానుభవంతో వ్రాస్తున్నాను.

తెలుగు బోధించేవానికి ఫ్రెంచి ఎందుకని మిత్రులు కొందరు అడిగారు. మన హైదరాబాదులో 1908లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పారిస్ నగరంలో దశాబ్దాల పాటు పరిశోధన సాగించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా పేరు మన పాఠకులకు కొత్త కాదు. ఆయన 1959లో పవిత్ర ఖుర్ఆన్‌కు ఫ్రెంచి అనువాదాన్ని, అదే కాలంలో రెండు సంపుటాల ప్రవక్త జీవితచరిత్రను ఫ్రెంచిలోనే వెలువరించారు. ఉర్దూ మాతృభాషగా గల దక్కను బిడ్డ ఒకడు పరాయి భాషలో అంతటి గ్రంథాన్ని రచించగలిగినప్పుడు, అందులో ఒక్క పుటనైనా ఆ భాషలోనే చదువలేనా అన్నదే నా కోరిక.

కోరిక పెద్దదే, ప్రయత్నమే చిన్నది. ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల నడుమ ఒక ఫ్రెంచి వ్యాకరణం దొరికినది. వేసవి సెలవులలో రోజుకు నలభై మాటల చొప్పున కంఠస్థం చేయసాగాను. మూడు వారాలలో ఎనిమిది వందల మాటలు వచ్చునని లెక్క వేసుకొన్నాను. మూడవ వారాంతంలో నన్ను నేనే పరీక్షించుకొనగా నూరు మాటలు కూడ నిలువలేదు. పుస్తకం మూసివేశాను. మరుసటి సంవత్సరం మొబైల్ ఫోనులో పాఠాలు మొదలుపెట్టాను. స్పాట్ వాల్యుయేషన్ రోజులు రాగానే ఒకనాడు తప్పినది, తరువాత వారమంతా తప్పినది. "ఇక ఏమున్నది, గొలుసు తెగిపోయినది గదా" అని ఆ ప్రయత్నమూ మానివేశాను.

ఇట్లుండగా డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక విద్యార్థి తెలుగు తరగతికి రావడం మానివేశాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. పిలిపించి కారణమడిగాను. "సార్, క్లాసులో అర్థమైనట్టే ఉంటది. ఇంటికి పోతే ఒక్క ముక్క గుర్తుండదు. నాకు రాదు సార్, వదిలేయండి" అన్నాడు. నేను అలవాటు ప్రకారం, "శ్రద్ధ లేదు బేటా నీకు, అదే నీ జబ్బు" అని మందలించి పంపివేశాను. ఆ రాత్రి అలమారలో మరేదో వెదకుతుండగా దుమ్ము పట్టిన ఆ ఫ్రెంచి వ్యాకరణం చేతికి తగిలినది. ఆ కుర్రవాడు చెప్పిన మాటలే రెండు సంవత్సరాల క్రితం నాకు నేను చెప్పుకొన్నాను. నాకు లేనిది కూడ శ్రద్ధయేనా? నిజంగా సిగ్గుపడ్డాను.

ఉత్సాహం ఎందుకు సడలుతుందో అప్పుడు ఆలోచించాను. మొదటి కారణం మరపు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు అర్థం లేని అక్షరసముదాయాలను తానే కంఠస్థం చేసి, తన మరపును తానే కొలిచి, 1885లో ఒక గ్రంథం ప్రకటించాడు. నేర్చిన దానిలో అధికభాగం మొదటి గంటలలోనే జారిపోవునని, ఆ తరువాత మరపు వేగం తగ్గునని, ఒక్కసారే గాక కొన్ని దినాలకు పంచుకొని పునశ్చరణ చేసినచో తక్కువ శ్రమతో నిలుచునని ఆయన కనుగొన్నాడు. అనగా మరచిపోవడం మందబుద్ధికి గుర్తు కాదు, మనస్సు యొక్క సహజధర్మం. ఇది తెలియక మనము మొదటి మరపునే ఓటమిగా భావించి పలకను పారవేస్తాము. నేడు ఐదు మాటలు నేర్చి, వానినే రేపు, మూడవనాడు, వారానికి, నెలకు ఒకసారి పలకరిస్తే అవి మనవవుతాయి. నలభై మాటలను ఒకనాడు ఆహ్వానించి మరునాడు ముఖం చాటువేసినచో అవి అతిథుల వలె వెళ్లిపోతాయి.

రెండవ కారణం అభివృద్ధి కంటికి కనిపించకపోవడం. మొదటి దినాలలో 'బోఁజూర్' అని నమస్కారం చెప్పుట వచ్చినా పండుగవలె ఉంటుంది. ఆరు నెలల తరువాత నేర్చినది ఎంత ఎక్కువైనా, ఇంకా నేర్వవలసినది సముద్రంవలె ఎదుట నిలుస్తుంది. అందుచేత లక్ష్యాన్ని చిన్నదిగా, చేతికి అందేదిగా పెట్టుకోవాలి. 'ఫ్రెంచి నేర్చుకొంటాను' అనేది లక్ష్యం కాదు, అభిలాష మాత్రమే. 'ఈ నెలలో గడియారం చూచి ఫ్రెంచిలో వేళ చెప్పగలగాలి' అనేది లక్ష్యం. బాహ్యమైన మెట్లు కావలసినవారికి ఫ్రాన్సు విద్యాశాఖ పక్షాన జరిగే 'డెల్ఫ్' పరీక్షలు ఉన్నవి. ఎ-1, ఎ-2, బి-1, బి-2 అని అవి నాలుగు అంతస్తులు. 1883లో పారిస్‌లో పుట్టిన ఆలియాఁస్ ఫ్రాఁసేజ్ సంస్థ హైదరాబాదులోను పనిచేస్తున్నది.

మూడవ కారణం పరాయితనం. ఈ భాష మనది కాదు, మన నోటికి రాదు అన్న భయం. ఇచ్చట ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన మన విద్యార్థులకు దక్కిన భాగ్యాన్ని గూర్చి కొంచెము వివరంగా చెప్పాలి.

ఫ్రెంచిలో కొన్ని అచ్చులు ముక్కుతో పలుకబడతాయి. కేవలం ఇంగ్లీషు తెలిసినవాడు ఇచ్చట తడబడతాడు. ఉర్దూలో 'మాఁ', 'మేఁ' అని నూన్ గున్నాతో నిత్యం పలికే మనకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఫ్రెంచివారి రకారం నాలుక కొసతో గాక గొంతులో పుడుతుంది. విన్నవారికి అది ఉర్దూలోని 'గైన్' అక్షరానికి దగ్గరి చుట్టమని వెంటనే తోస్తుంది. ప్రతి వస్తువుకు స్త్రీ పుంలింగ భేదం ఉండుట తెలుగువానికి వింత. ఉర్దూలో కితాబ్ స్త్రీలింగం, ఖలం పుంలింగం అని పసితనం నుండి వాడుతున్నవానికి అది వింత కాదు. అయితే లింగాలు రెండు భాషలలో ఒకటిగా ఉండవలెనని లేదు. ఉర్దూలో 'చాంద్' పుంలింగం, ఫ్రెంచి చంద్రుడు 'లూన్' స్త్రీలింగం. కనుక మాటను ఒంటరిగా గాక, 'ల' లేక 'లా' అనే దాని ముందుపదంతో కలిపి నేర్చుట మేలు.

ఇక తెలుగు చేసే సహాయం మరొకటి. ఫ్రెంచిలో 'లే' అనే బహువచన పదం, మిత్రులు అనే అర్థమిచ్చే 'ఆమి' పదం పక్కపక్కన చేరినప్పుడు 'లేజామి' అని పలుకుతారు. విడిగా ఉన్నప్పుడు నిద్రపోయే హల్లు అచ్చు ఎదురైనప్పుడు మేల్కొంటుంది. ఏకవచనంలో 'ల', 'ఆమి' కలిసినప్పుడు ముందున్న అచ్చు లోపించి 'లామి' అవుతుంది. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్లే గదా! పరీక్షలో రెండు మార్కులకు విడదీసే సంధిసూత్రం పారిస్ వీథులలోను జీవించి ఉన్నదని తెలిసిననాడు, తెలుగు ఉపాధ్యాయుడనైన నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. అట్లే క్రియారూపాలు. నేను ఉన్నాను, నీవు ఉన్నావు, వారు ఉన్నారు అని కర్తను బట్టి క్రియను మార్చే మనకు, ఫ్రెంచి క్రియ ఆరు రూపాలు ధరించుట కష్టంగా తోచవచ్చును గాని అన్యాయంగా తోచదు. మన 'నీవు', 'మీరు' వలె, ఉర్దూ 'తుమ్', 'ఆప్' వలె అచ్చట 'త్యు', 'వు' అనే భేదమూ ఉన్నది. ఎవరిని ఎట్లు సంబోధించాలో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

పదాల చుట్టరికం మరింత ముచ్చటైనది. అరబ్బీ 'సిఫర్' మధ్యయుగాలలో ఐరోపాకు పయనించి ఫ్రెంచిలో అంకె అనే అర్థంలో 'షిఫ్ర్' అయినది. సరకులు నిలువచేసే 'మఖ్జన్' నుండి దుకాణమనే అర్థంలో 'మగజేఁ' వచ్చినది. వైద్యుని వాడుకభాషలో 'తుబీబ్' అంటారు, అది మన 'తబీబ్' సాహెబే. మన తాతలు తొడిగిన 'జుబ్బా' అరబ్బీ మూలం నుండి ఇటు తెలుగులోనికి వచ్చినది. అదే మూలం ఇటలీ మీదుగా ఫ్రాన్సు చేరి ఆడవారి పరికిణీకి 'జ్యూప్' అనే పేరైనది. ఇట్టి పదం ఒకటి తారసపడిననాడు ఆ దినం పాఠం శ్రమ అనిపించదు.

కష్టాలు లేవనుట అసత్యం. వ్రాత ఒకటి, పలుకు మరొకటి. నీరు అనే మాటకు మూడు అక్షరాలు వ్రాసి 'ఓ' అని ఒక్క ధ్వనితో సరిపెడతారు. డెబ్బదిని అరువది-పది అని, ఎనుబదిని నాలుగు ఇరువదులు అని, తొంబదితొమ్మిదిని నాలుగు ఇరువదుల పందొమ్మిది అని లెక్కిస్తారు. ఉత్తర హిందుస్థాన పల్లెలలో వృద్ధులు బీసీల చొప్పున లెక్కించిన పద్ధతిని తలచుకొన్నచో కోపం రాదు, నవ్వు వస్తుంది. ఇంగ్లీషును పోలిన మాటలు కొన్ని మోసగిస్తాయి. 'లిబ్రేరీ' గ్రంథాలయం కాదు, పుస్తకాల అంగడి. 'లెక్త్యూర్' ఉపన్యాసం కాదు, పఠనం. 'కొలేజ్' అనగా మన కళాశాల కాదు, పదునొకండు మొదలు పదునైదు ఏండ్ల పిల్లల బడి. ఆ లెక్కన నేను ఏమి పనిచేస్తున్నానో ఫ్రెంచివానికి చెప్పడానికి నాకు చాలాకాలం పట్టినది.

నాలుగవ కారణం, అన్నిటికంటె ముఖ్యమైనది, ఒంటరితనం. నేను ఆ విద్యార్థిని మరల పిలిచాను. "మొన్న నేనన్న మాట తప్పు బేటా. నీ జబ్బే నాకూ ఉన్నది" అని నా ఫ్రెంచి పుస్తకం చూపాను. వాడు మొదట నమ్మలేదు. "మీరు కూడా మర్చిపోతారా సార్?" అన్నాడు. ఒక ఒప్పందం చేసుకొన్నాము. దినానికి వాడు ఐదు తెలుగు మాటలు, నేను ఐదు ఫ్రెంచి మాటలు. చివరి పీరియడు తరువాత స్టాఫ్ రూములో పది నిమిషాలు నేను వానిని, వాడు నన్ను ప్రశ్నించాలి. ఒకనాడు వానికి ఐదూ వచ్చి నాకు రెండే వచ్చినవి. "శ్రద్ధ లేదు సార్ మీకు" అని వాడు నవ్వినప్పుడు, ఇన్నేళ్లుగా నేనన్న ఆ మాట ఎంత బరువైనదో తెలిసినది.

ఇంటి వద్ద ఫజర్ నమాజు తరువాత, టీ కాగేలోపల, అరగంట చదువు. వేళ మారదు, స్థలం మారదు. మనస్సు సిద్ధంగా ఉన్నదా అని అడుగుట మానివేశాను, అడిగితే అది ఎన్నడూ సిద్ధంగా ఉండదు. చెవికి అలవాటు కావడానికి రేడియో ఫ్రాన్స్ ఇంటర్నేషనల్ వారు అభ్యాసకులకై సులభమైన ఫ్రెంచిలో వినిపించే పది నిమిషాల వార్తలు ఉపకరించినవి. ఇక అన్నిటికంటె మేలు చేసిన నియమం ఒకటి ఉన్నది. ఒక దినం తప్పితే మరునాడు పరిహారంగా రెట్టింపు చదువరాదు, ఎప్పటి అరగంటయే చదువాలి. తెగిన దారాన్ని ముడివేసి మరల నేసే నేతగాని వలె నడవాలి. ముడి పడినంత మాత్రాన బట్ట పాడు కాదు.

ఈ భాష మన నేలకు పూర్తిగా అపరిచితమూ కాదు. 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి హైదరాబాదులోనే ఉన్నది, మూసారాంబాగ్ ఆయన పేరు మీదుగా వెలసినదే. మచిలీపట్టణంలో ఫ్రెంచిపేట ఉన్నది. తెలుగువారి యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండెను. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో ఫ్రెంచి ఒకటి.

ఆ విద్యార్థి తెలుగులో గొప్ప మార్కులతో కాకున్నా ఉత్తీర్ణుడైనాడు. నేను హమీదుల్లాగారి గ్రంథంలో మొదటి పుటను నిఘంటువు పక్కన పెట్టుకొని నాలుగు దినాలలో చదివాను. నాలుగవనాటి సాయంకాలం ఆ పుటను వానికి పైకి చదివి వినిపించాను. మాకిద్దరికీ అందులో సగమే అర్థమైనది. అయినా వాడు లేచి నాతో కరచాలనం చేశాడు. నేటికీ ఫ్రెంచిలో ధారాళంగా మాట్లాడలేను, కాని ఇక మానివేయనని మాత్రం చెప్పగలను.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరికి ఇంగ్లీషు, కొందరికి తెలుగు, కొందరికి ఉర్దూ లిపి కొండవలె తోచవచ్చును. మరచిపోయారని మిమ్ములను మీరు నిందించుకొనకండి. ఒక తోడును వెదకుకొనండి, ఒక వేళను నిర్ణయించుకొనండి, ఐదు మాటలతో మొదలుపెట్టండి. బొట్టు బొట్టు చేరి దరియా అవుతుందని మన ఇండ్లలో పెద్దలంటారు. ఫ్రెంచివారు 'పెతీతా పెతీ, ల్వాజో ఫే సోఁ నీ' అంటారు, మెల్లమెల్లగా పిట్ట తన గూడు కట్టుకొంటుందని అర్థం. ఆ పిట్ట ఒక్కొక్క పుల్లనే తెస్తుంది. గాలికి కొన్ని పడిపోతాయి. పడినదానికై ఏడ్వక అది మరొక పుల్లకై ఎగురుతుంది.