పద్దుల పుస్తకంలో దొరికిన నేరం

న్యూయార్క్‌లో 1905లో పేదల కోసం ‘పీపుల్స్ లా ఫర్మ్’ తెరిచింది మేరీ గ్రేస్ క్వాకెన్‌బాస్. ఆ గడప తొక్కినవాళ్లలో ఎక్కువమంది వలస కుటుంబాలవాళ్లే. ఇంగ్లిష్ సరిగ్గా రాదు, చేతిలో పైసా లేదు. వాళ్లలో చాలామందిది ఒకటే మొర: అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు పనికెళ్లిన మనిషి జాడ లేదని. పోలీసులు పట్టించుకోని ఆ మాటను ఆమె పట్టుకుంది. వేషం మార్చి, ఫ్లోరిడా అడవుల్లో టర్పెంటైన్ తీసే క్యాంపుల దాకా తానే వెళ్లింది. అప్పటికి అమెరికాలో ఆడవాళ్లకు దేశమంతటా ఓటు హక్కు కూడా లేదు!

ఆ ధైర్యం చూసి అమెరికా న్యాయశాఖ ఆమెను ప్రభుత్వ అటార్నీకి ప్రత్యేక సహాయకురాలిగా నియమించింది. ఆ పదవిలో తొలి మహిళ ఆమే. 1907లో ఆమెను పంపిన చోటు సన్నీసైడ్.

ఆర్కన్సా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న పత్తి తోట అది. ఆస్టిన్ కార్బిన్ అనే ధనవంతుడు 1895లో ఇటలీ నుంచి రైతు కుటుంబాలను ఓడలో అక్కడికి రప్పించాడు. చిత్తడి నేల, దోమలు, మంచినీళ్ల కరువు. మలేరియా ఇళ్లకు ఇళ్లనే మంచాన పడేసింది. ఎంతోమందిని మట్టిలో కలిపేసింది. 1898లో బండీని అనే క్రైస్తవ ఫాదర్ దాదాపు నలభై కుటుంబాలను వెంటబెట్టుకుని కొండ ప్రాంతానికి తరలిపోయి, టాంటీటౌన్ అనే ఊరు కట్టుకున్నాడు. అయినా తోట ఆగలేదు. కౌలుకు తీసుకున్న క్రిటెండెన్ కంపెనీ మళ్లీ ఇటలీ నుంచే మనుషుల్ని తెప్పించింది. నదికి అవతల ఉన్న గ్రీన్‌విల్ పట్టణంలో పేరుమోసిన లాయరు లెరాయ్ పెర్సీ అందులో భాగస్వామి.

ఇక్కడ తుపాకీతో కాల్చి చంపినవాడి కోసం వెతికితే ఏమీ దొరకదు. చూడాల్సింది పద్దుల పుస్తకం. తోటలో కాలు పెట్టేసరికే ఓడ చార్జీ, రైలు చార్జీ అప్పుగా రాసి ఉంటాయి. ఆ తర్వాత తిండిగింజలూ కంచరగాడిదా డాక్టరు ఫీజూ దానికి తోడవుతాయి. ప్రతి అడ్వాన్సు మీదా పది శాతం వడ్డీ. మార్చిలో తీసుకున్నా, కోతల ముందు తీసుకున్నా అదే పది. పండిన పత్తి కంపెనీ చేతికే పోవాలి. సరుకు అమ్మేదీ, పంట కొనేదీ, లెక్క రాసేదీ ఆ కంపెనీయే. అక్షరం తెలియని రైతుకు ఆ అప్పు ఎన్నటికి తీరాలి? ఒళ్లు కాలిపోయే జ్వరంతోనూ చేనుకు పోవాల్సిందే. ఓర్చుకోలేక ఇద్దరు గ్రీన్‌విల్ స్టేషన్‌లో రైలెక్కబోతే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

బాకీ పేరుతో మనిషిని కట్టేసి పని చేయించుకోవడాన్ని అమెరికా 1867లోనే నిషేధించింది. దాన్ని వాళ్లు పియానేజ్ అంటారు, మనకు తెలిసిన మాట వెట్టి. మన దేశమంతటికీ వర్తించే చట్టం 1976లో గానీ రాలేదు.

మేరీ ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకుంది. గ్రీన్‌విల్ హోటల్ గదిలో ఆ కాగితాలను ఎవరో ఎత్తుకెళ్లారు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు, నివేదిక పూర్తిచేసింది. పెర్సీ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కు స్నేహితుడు. ఆమెను తప్పించండని ఆయన దగ్గరే పట్టుబట్టాడు. నివేదికను బయటికి రానివ్వలేదు. రోగం, అప్పు, కాపలా కలిసి మనుషుల్ని మింగుతున్నాయని తెలిసీ కళ్లు మూసుకున్నవాళ్లందరూ ఈ నేరంలో భాగస్వాములేనని నా నమ్మకం.

మళ్లీ పెళ్లాడాక ఆమె గ్రేస్ హ్యూమిస్టన్ అయింది. 1917లో న్యూయార్క్‌లో రూత్ క్రూగర్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి మాయమైతే, ఎవరితోనో లేచిపోయిందని పోలీసులు చేతులు దులుపుకున్నారు. ఆమె పట్టు వదల్లేదు. నాలుగు నెలలకు ఒక మోటార్‌సైకిల్ షాపు నేలమాళిగలో శవం బయటపడింది. అప్పుడే పత్రికలు ఆమెను ‘మిసెస్ షెర్లాక్ హోమ్స్’ అన్నాయి.

సన్నీసైడ్ కేసులో మాత్రం 1908లో గ్రాండ్ జ్యూరీ అభియోగమే మోపలేదు. ఒక్కరికీ శిక్ష పడలేదు. 1910లో లెరాయ్ పెర్సీ సెనేటర్ అయ్యాడు.