మీకు తెలుసా? కొత్త ఓఎస్‌కి పాత గుమాస్తా

ఓఎస్ అప్‌గ్రేడ్ అయింది. వైఫై గుర్తు నిండుగా ఉంది, ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు. నెట్ పోయిందని కేబుల్ వాడికి ఫోన్ చేస్తాం. చాలాసార్లు పోయింది నెట్ కాదు, పేరు చెబితే అడ్రసు వెతికిపెట్టే డీఎన్‌ఎస్.

ఈ చిక్కు యాపిల్‌కీ తప్పలేదు. 2014 అక్టోబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ యోసెమిటీలో, ఏళ్ళుగా ఈ పని చూస్తున్న ఎండీఎన్‌ఎస్‌రెస్పాండర్ అనే ప్రోగ్రామును తప్పించి, డిస్కవరీడీ అనే కొత్తదాన్ని కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ చాలామందికి పేర్లకు అడ్రసులు సరిగా దొరకడం మానేశాయి. ఇంకో తమాషా ఏమిటంటే, ఇంటి నెట్‌వర్కులో తన పేరే ఇంకెవరికో ఉందని భ్రమపడి మ్యాక్ తన పేరు చివర బ్రాకెట్లో 2 తగిలించుకునేది, కొన్నాళ్ళకి 3. తన నీడను చూసి తానే జడుసుకోవడం అంటే ఇదే! విసిగిన కొందరు పాత ఓఎస్ నుంచి పాత ప్రోగ్రామును తవ్వి తెచ్చి చేత్తో బిగించుకున్నారు. చివరికి 2015 జూన్ 30న 10.10.4 అప్‌డేట్‌లో యాపిల్ చేసిందీ అదే: కొత్తదాన్ని ఇంటికి పంపి పాత గుమాస్తాను మళ్ళీ పిలిచింది. అంత పెద్ద కంపెనీ ఇలా వెనక్కి తగ్గడం అరుదు, నాకైతే ముచ్చటేసింది.

మీ మెషిన్ సంగతి తేల్చుకోవడం తేలికే. 8.8.8.8 అనే అడ్రసుకి పింగ్ కొట్టండి. అది గూగుల్ వాళ్ళ డీఎన్‌ఎస్ సర్వరు. జవాబొస్తే దారి బాగానే ఉంది, పేర్ల దగ్గరే తేడా. అప్పుడు మెషిన్ దాచిపెట్టుకున్న పాత జవాబులను, అంటే డీఎన్‌ఎస్ క్యాష్‌ను, ఖాళీ చేయాలి. అప్పటికీ లొంగకపోతే నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఎప్పటిదో డీఎన్‌ఎస్ అడ్రసు, వాడటం మానేసిన వీపీఎన్ తాలూకు సెట్టింగు మిగిలాయేమో చూడాలి. మెషిన్‌లోనే పేర్లూ అడ్రసులూ రాసి ఉంచే హోస్ట్స్ ఫైల్లో ఎప్పుడో రాసి మరిచిన లైను కూడా తప్పుదారి పట్టించగలదు. ఆ ఫైలు మామూలుది కాదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్ రూపొందించేదాకా నెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థ నిర్వహించే ఒకే ఫైల్లో ఉండేవి, అందరూ దాన్నే దించుకునేవారు. మన హోస్ట్స్ ఫైలు దాని వారసుడే.

ఉబుంటు 18.04కి మారినవాళ్ళు ఇంకో చోట తడబడ్డారు. డీఎన్‌ఎస్ సర్వరు ఏదని చూస్తే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో 127.0.0.53 అని ఉంటుంది. ఇదేదో పాడైందని చెరిపేయకండి. 127తో మొదలయ్యే అడ్రసంటే 'నన్నే అడుగు' అని. ప్రశ్నను ముందు మెషిన్‌లోని సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే ప్రోగ్రాము అందుకుని, తర్వాత బయటి సర్వరును అడుగుతుంది. మరి చివర ఆ 53 ఎందుకంటారా? డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్ళే పోర్టు నంబరు 53.