హెర్మన్ మెల్విల్



1891వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన న్యూయార్కు నగరమున డెబ్బదిరెండేండ్ల వృద్ధుడొకడు మరణించెను. ఆ వార్తను పట్టించుకొన్న పత్రికలు బహు స్వల్పము. నేడు అమెరికా నవలలలో అగ్రస్థానమున నిలుపబడుచున్న 'మోబీ డిక్' గ్రంథమునకు కర్త ఆయనయే. జీవించియుండగనే లోకముచే మరువబడిన ఆ హెర్మన్ మెల్విల్‌ను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మెల్విల్ 1819 ఆగస్టు 1వ తేదీన అదే నగరమున జన్మించెను. తండ్రి విదేశపు సరకులు తెప్పించి అమ్ము వర్తకుడు. వ్యాపారము చితికి, అప్పులు మిగిల్చి ఆయన 1832లో గతించెను. నాటికి హెర్మన్ పండ్రెండేండ్ల బాలుడు. బ్యాంకులో గుమాస్తాగాను, పల్లెబడిలో పంతులుగాను పనిచేసి, తుదకు సముద్రమును నమ్ముకొనెను. 1841లో తిమింగిలములను వేటాడు ఓడలో నావికుడుగా చేరెను. కిరసనాయిలు వ్యాపింపక పూర్వము పాశ్చాత్యులు ఆ జంతువు నూనెతో దీపములు వెలిగించుకొనుచుండిరి. దానికై ఓడలు ఏండ్ల తరబడి సముద్రములపై తిరుగుచుండెను. మరుసటియేట మెల్విల్ పసిఫిక్ మహాసముద్రములోని మార్క్వెసాస్ దీవులలో ఓడ విడిచి పారిపోయి, అచ్చటి లోయజనుల నడుమ కొన్ని వారములు గడపెను. ఆ అనుభవములే 1846లో 'టైపీ' అను గ్రంథమై ఆయనకు కీర్తి తెచ్చెను.

1851లో 'మోబీ డిక్' వెలువడెను. తన కాలు కొరికివేసిన తెల్లని తిమింగిలముపై పగబూని, అహాబు అను నాయకుడు ఓడనంతయు నాశనమునకు నడిపించుటయే అందలి కథ. 1820లో 'ఎసెక్స్' అను ఓడను తిమింగిలము నిజముగనే ఢీకొని ముంచివేసెను. ఆ వృత్తాంతమును మెల్విల్ చదివియుండెను. సాహసకథను కోరిన పాఠకులకు ఈ గ్రంథమున వేదాంతము, జంతుశాస్త్రము, నాటకఫక్కి కలగలిసి యెదురయ్యెను. అదియుగాక, లండను ముద్రణములో ఉపసంహారము జారిపోయెను. కథ చెప్పు ఇష్మాయేలు ఎట్లు బ్రతికెనో అందువలన తెలియరాక, విమర్శకులు పరిహసించిరి. పుస్తకము అమ్ముడుపోలేదు.

కలము కూడు పెట్టదని తేలినపిమ్మట, 1866లో ఆయన న్యూయార్కు రేవున సుంకపు తనిఖీదారుగా కుదిరెను. జీతము దినమునకు 4 డాలర్లు. ఆ కొలువున 19 ఏండ్లు గడచెను. 1867లో పెద్దకుమారుడు ఇంటిలోనే తుపాకి గుండుకు బలియయ్యెను. అయినను ఆయన వ్రాయుట మానలేదు. తుదిదినములలో అచ్చువేయించిన రెండు పద్యసంపుటములకు ఒక్కొక్కదానికి 25 ప్రతులే వేయించెను. చదువువారు లేరని యెరిగియు ప్రతి పంక్తిని దిద్దుకొనిన ఆ నిష్ఠయే, నా దృష్టిలో, ఆయన జీవితమునందలి మహత్తరఘట్టము.

1919లో ఆయన శతజయంతి వచ్చెను. రేమండ్ వీవర్ అను కొలంబియా విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు ఆయన జీవితచరిత్ర వ్రాయబూని, మనుమరాలి యొద్దనున్న కాగితములను పరిశీలించెను. వానిలో అసంపూర్ణమైన కథ యొకటి బయటపడెను. అదియే 1924లో అచ్చయిన 'బిల్లీ బడ్'. విద్వాంసులు మెల్విల్ గ్రంథములన్నింటిని మరల తెరచిరి. మొదటి మహాయుద్ధమును చూచిన తరమునకు, ఒక్కని క్రోధము వెంట ఓడనిండ జనము మునిగిపోవు కథ పరిహాసాస్పదముగా తోపలేదని నా అభిప్రాయము.

సమకాలికుల తీర్పు తుదితీర్పు కాదని మనమందరము చెప్పుచుందుము. కాని పునర్విచారణకు సాక్ష్యము మిగిలియుండవలెను గదా! మెల్విల్ భార్య ఎలిజబెత్తు భర్త కాగితములను పారవేయక భద్రపరచెను. సంతతివారు వానిని కాపాడిరి. వారే ఆ పని చేయకున్నచో 'బిల్లీ బడ్' కథ లోకమునకు దక్కియుండెడిది కాదు. వ్రాసినవాని నిష్ఠతోపాటు, దాచినవారి శ్రద్ధకును సాహిత్యలోకము ఋణపడియున్నది.