చిన్న యింటికి దగిన యాసనములు

తండ్రి తొడపై గూర్చుండ నొక్కింత చోటు దొరకమి చేతనే గదా, యైదేండ్ల ధ్రువుడు వనమునకు బోయి ఘోరతపము సల్పెను! ఉత్తానపాదుని యింట చోటు లేక కాదు. అది యుత్తమునికే చెల్లునని సురుచి యడ్డుపడుట చేత. భాగవతము చతుర్థస్కంధము నందలి యీ కథ మనలో నెరుగనివా రుండరు. కూర్చుండు చోటనునది దేహమునకు విశ్రాంతి నొసగుట మాత్రమే గాదు. ఈ యింట నీవును మాకు గావలసినదానవే యని చెప్పు మాట కూడ నగును. ఈ సంగతి పుస్తకమున జదివియు నేను గ్రహింపనైతిని. మా ముందుగదికి సోఫా కొని, దాని వలన గలిగిన కష్టము కన్నులార జూచిన పిమ్మటనే గ్రహించితిని. నా వలె మరియొకరు సొమ్ము పోగొట్టుకొని వగవకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. తెనాలిలో మే మద్దెకున్న యింటి ముందుగది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. వచ్చినవారితో మాటలాడుటకును, పిల్లలు చదువుకొనుటకును, రాత్రులం దొకరు పండుకొనుటకును నదియే. అవి మా యాడుబిడ్డకు సంబంధములు చూచుచుండిన దినములు. పెండ్లివారు వచ్చినపుడు ప్లాస్టిక్ కుర్చీలు వేయుట చిన్నతనమని నాకు దోచెను. బజారునకు బోయి, ముగ్గురు గూర్చుండు సోఫా యొకటియు, ఒక్కొక్కరు గూర్చుండునవి రెండును, నడుమ నుంచుటకు గాజుబల్ల యొకటియు 28,000 రూపాయలకు బేరమాడి, 12 నెలల వాయిదాలపై దెచ్చితిమి. పెండ్లివారు వచ్చి వానిపై గూర్చుండినది ముప్పావుగంట. వాయిదాలు మాత్రము సంవత్సరము!

సోఫా వచ్చిన నాటినుండి మా యత్తగారు ముందుగదిలో గూర్చుండుట మానివేసిరి. వంటయింటి గడపకు జేరగిలబడి క్రిందనే కూర్చుండెడివారు. లోపలికి రండని పిలిచినచో "నాకిక్కడే హాయిగా ఉందిలే, అమ్మాయీ!" యనెడివారు. పెద్దవారి యలవాటో, బిడియమో యనుకొంటిని. ఒకనాటి మధ్యాహ్నము మేమందరము పనులపై బోయి వచ్చుసరికి వారు పెద్దసోఫాలో గూర్చుండి యున్నారు. నన్ను జూడగానే "కాసిని మంచినీళ్ళివ్వమ్మా" యని యడిగిరి. నీళ్ళబిందె యెదుటనే, పది యడుగుల దూరమున నున్నది. నాకు వింతగా దోచి గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా దుదకు జెప్పిరి. ఒక్కసారి నడుము వాల్తమని కూర్చుండిరట. లేవబోగా మోకాళ్ళు సహకరింపలేదట. రెండు గంటలు నీళ్ళబిందెను జూచుచు, దాహముతో నట్లే యుండిరట! "ఈ మాట మునుపే చెప్పకూడదా, అత్తయ్యా?" యంటిని. "అబ్బాయి నెలనెలా డబ్బు కడుతున్నాడు గదా, వస్తువు బాగాలేదని నోటితో ఎట్లా అనేది?" యనిరి.

నా కారాత్రి నిద్రపట్టలేదు. దోషము సోఫాది కాదు. కొనుటకు మున్ను వారిని దానిపై నొక్కమారైన గూర్చుండబెట్టని నాది. రంగు చూచితిని, మెరుగు చూచితిని, వచ్చువారు మెత్తురా యని చూచితిని. ఇంట నిత్యము గూర్చుండువారెవరో చూడనైతిని.

కావున మొదటి సూత్రమిది: ఆసనము కొనునపుడు గదిని గాదు, కూర్చుండు మనిషిని ముందుగా గొలువవలెను. మరునాడు కొలబద్ద చేతబట్టి నే నాపనియే చేసితిని. పాదములు నేలపై జదునుగా నానించి, మోకాలి వెనుకటి మడతనుండి నేలవరకు గొలువగా నత్తగారికి 15 అంగుళములు వచ్చెను. మా సోఫా చూచుటకు 16 అంగుళముల యెత్తే కాని, కూర్చుండినంతనే మెత్త క్రుంగి 12 అంగుళములకు దిగుచున్నది! తుంటి మోకాలికంటె దిగువకు బోయిన కొలది లేచునపుడు మోకాళ్ళపై భారము హెచ్చును. అందుచేతనే మోకాలినొప్పి గలవారిని గొంతుకూర్చుండవద్దనియు, పల్లపు టాసనములు మానుమనియు వైద్యులు చెప్పుదురు. అట్టివారికి గూర్చుండిన పిమ్మట గూడ నాసనము మోకాలి మడతతో సమముగనో, అంగుళ మెక్కువగనో నిలువవలెను. అయితే పాదములు గాలిలో వ్రేలాడునంత యెత్తును బనికిరాదు. తొడల యడుగుభాగ మొత్తుకొని కాళ్ళు తిమ్మిరులెక్కును.

రెండవది లోతు. వీపును వెనుకకు జేర్చి కూర్చుండినపుడు, ఆసనపు టంచునకును మోకాలి మడతకును నడుమ రెండు మూడు వ్రేళ్ళు పట్టునంత సందుండవలెను. సోఫాలు పెక్కింటికి లోతు 20 అంగుళములకు మించి యుండును. పొట్టివారమైన మనబోటులు వీపు నానించినచో గాళ్ళు నేల నంటవు. కాళ్ళు నేల నుంచినచో వీపున కాధారముండదు. సోఫాలో గూర్చుండి నడుము నొప్పి యనువారు చాలమంది బాధకు గారణమిదియే. క్రొత్తది కొనలేనిచో వెనుక నొక గట్టి దిండు నిలువుగా నుంచినను లోతు తగ్గును.

మూడవది చేతులు. చేతులు లేని కుర్చీ చోటు తక్కువ బట్టును, నిజమే. కాని వృద్ధులకును, గర్భిణులకును, బిడ్డకు బాలిచ్చు తల్లులకును జేతులున్నదే మేలు. మోచేయి సహజముగా వంగినపుడు దిగువ నానునంత యెత్తున, అనగా నాసనముపై సుమారు 8 అంగుళముల యెత్తున నవి యుండి, ముందంచువరకు సాగి యుండవలెను. లేచునపుడు పట్టుకొనునది ఆ ముందంచునే గదా!

దుకాణమునందు నిమిషము కూర్చుండి లేచిన జాలదు. పావుగంట కూర్చుండుడు. పిమ్మట చేతులతో దేనిని బట్టుకొనక లేవజూడుడు. అంగడివాడేమనుకొనునో యని సిగ్గుపడవలదు. చీర కొనునపుడు పది మడతలు విప్పించుదుము గదా!

మనుష్యుల కొలత లైన పిదప గది కొలత. మా పెద్దసోఫా 6½ అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. అనగా 19½ చదరపుటడుగులు. చిన్నవి రెండును 18. గాజుబల్ల 7. మొత్తము 44½. గది యంతయు 120 చదరపుటడుగులే! మూడవవంతునకు మించి వస్తువులకే పోగా, తలుపు తెరచుకొనుటకు, నడచుటకు దారి విడువగా, పిల్లలు పుస్తకము విప్పుకొనుటకు జోటెక్కడిది? వారు మెట్లపై గూర్చుండి చదువుకొనుచుండిరి. కొనక పూర్వమే వస్తువు పొడవు వెడల్పులను నేలపై సుద్దతో గీచి, లేదా పాతపత్రికలను బరచి, రెండు దినము లా గీతల వెలుపలనే తిరిగి చూడుడు. నడచుదారి 2½ అడుగులకు దగ్గరాదు. వీధితలుపు, మేడమెట్ల వెడల్పును గొలువవలెను. బదిలీలు గలవారికిది మరింత ముఖ్యము. విడదీయ వీలులేని సోఫా మెట్లమలుపున జిక్కుకొనిన తిప్పలు నే నెరుగుదును.

ఇక వస్తుగుణములు. ఒత్తు టేకు మేలైనది కాని వెల హెచ్చు. బాగుగ నారిన వేపకఱ్ఱయు గుర్చీలకు బనికివచ్చును. రంపపు పొట్టును జిగురుతో నదిమిచేసిన పలకలు చూచుటకు నున్నగా, చవుకగా నుండును గాని, దినదినము నీళ్ళతో నేల తుడుచు మన యిండ్లలో నడుగున దడిదగిలి యుబ్బును, మర లూడును. పేము కుర్చీ తేలిక, గాలి యాడును. కణుపులవద్ద పేమునారతో బిగువుగా జుట్టినదా, మేకులతో సరిపెట్టినదా చూడుడు. మిక్కిలి యెండినచో బేము పెళుసెక్కును గావున నప్పుడప్పుడు తడిగుడ్డతో దుడిచి నీడ నారనీయవలెను. రెక్సిన్ తొడుగు మన కోస్తాయుక్కకు జెమటతో నంటుకొనును. కొన్నేండ్లకు బొరలుగా లేచును. విప్పి యుదుకుటకు వీలైన ముదుక నేతగుడ్డ తొడుగులే మనకు సుఖము. ఫోము కొనువారు మందము మాత్రమే కాక సాంద్రత యెంతయని యడుగవలెను. కూర్చుండుటకు 32 సాంద్రతకు దక్కువైనది త్వరలో గుంటపడును. బూరుగుదూది తేలికయు, మెత్తనయు. కాని యుండకట్టును గావున నెండబెట్టి, కొన్నేండ్ల కొకమారు విప్పి యేకించవలెను. ప్లాస్టిక్ కుర్చీలను నేను చిన్నచూపు చూచితిని గాని, చేతులున్నవి, కాళ్ళు గట్టివి యేరి కొనినచో బీదసాదల కవి యుపకారులే. ఎండలో విడిచినచో మాత్రము పెళుసెక్కి హఠాత్తుగా విరుగును; వృద్ధుల నట్టివానిపై గూర్చుండబెట్టరాదు.

పాతసామాను కొనుట యవమానము కాదు. పాతకాలపు గట్టికఱ్ఱ కుర్చీ నేటి క్రొత్తదానికంటె మిన్నగా నుండవచ్చును. అయితే దానిని దలక్రిందులు చేసి చూడుడు. చెదపురుగుల మట్టిదారులు, కఱ్ఱపొడి రాలు రంధ్రములు, సందులలో నల్లమచ్చలు కానవచ్చినచో విడిచిపెట్టుడు. ఆ మచ్చలు నల్లుల జాడ. ఊగులాడు కుర్చీ బాగుపడును గాని, నల్లులు ప్రవేశించిన యిల్లు సులభముగ బాగుపడదు.

మేమేమి చేసితిమో చెప్పి ముగించెదను. వాయిదాలు తీరగానే సోఫాలను, బల్లను 13,000 రూపాయల కమ్మివేసితిమి. మా వీధి వడ్రంగిచేత నత్తగారి కొలతలకు, పేము టల్లిక యాసనముతో, చేతులుగల నిటారు కుర్చీ చేయించితిమి; 3,800 రూపాయలైనది. ఆరడుగుల పొడవు, రెండున్నర యడుగుల వెడల్పు గల దివాను మంచమునకు 8,500. దానికి బరుపు, గోడవైపు నుంచు గుండ్రని బాలీసులు కలిపి 3,700. రెండు పేము మోడాలకు 1,600. మొత్తము 17,600. చేతినుండి క్రొత్తగా బడినది 4,600 రూపాయలే. దివాను పగలు నలుగురికి గూర్చుండుటకు, రాత్రి యొకరికి బండుకొనుటకు. దాని క్రింద ట్రంకుపెట్టెలు. మోడాలు పని లేనపుడు మూలకు జేరును. ఇంట నున్న జంపఖానా నేల బరచి, ముందొక చిన్న వ్రాతబల్ల యుంచితిని. పిల్లలు మెట్లు విడిచి లోపలికి వచ్చిరి. మన తెలుగుదేశమున జంపఖానాలకు గొదవలేదు; ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపును లభించినది. ఇప్పుడీ యాసనము లన్నియు గలిసి 22 చదరపుటడుగులకు మించి యాక్రమింపవు. క్రొత్తవేవియు జేయింపలేనివారు, ఉన్న కుర్చీ కాళ్ళక్రింద గదలకుండునట్లు రెండంగుళముల చెక్కదిమ్మలు బిగింపించినను వృద్ధుల కెంతో సుఖమగును.

వచ్చినవారేమనుకొందురో యను బెంగ నాకు గొంతకాల ముండెను. మొన్న మా యాడుబిడ్డ యత్తవారింటినుండి పెద్దావిడ యొకరు వచ్చిరి. లోపల నడుగిడి, నలుదెసల జూచి, తిన్నగా బోయి యా నిటారు కుర్చీలో గూర్చుండి "అమ్మయ్య!" యనిరి. వెళ్ళునపుడు దాని కొలతలు కాగితముపై వ్రాయించుకొని పోయిరి!

కుచేలుడు చినిగిన వస్త్రములతో వచ్చినపుడు శ్రీకృష్ణుడు తన తల్పముపైననే కూర్చుండబెట్టెనని దశమస్కంధమున జదువుదుము. అతిథి నట్లు గౌరవించుట మన ధర్మమే. కాని దినమంతయు నింటికై పాటుపడువారును, ఒకప్పుడు పాటుపడి యలసినవారును గూర్చుండ జోటులేని గదిలో నతిథికి మాత్ర మెట్టి మర్యాద జరుగును? ఇప్పుడు మధ్యాహ్నము పనులు తీరిన పిదప నత్తగారు తమ కుర్చీలోను, నేను దివానుపైనను గూర్చుండి యొక గంట భాగవతము చదువుకొనుచున్నాము. దాహమైనపుడు వారు చేతులపై నానుకొని, తామే లేచి, నీళ్ళబిందెకడకు బోయి నీరు ముంచుకొని త్రాగుచున్నారు. సోదరీమణులారా! మీ ముందుగదిలో నేయే యాసనము లున్నవో కాదు, మీ యింట నెవరు గడపకడ గూర్చుండుచున్నారో నేడొకమారు చూడుడు. కొలబద్ద నచ్చటినుండియే మొదలుపెట్టుడు.