పాత జీపునకు లాకింగు హబ్బులు: కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప, బ్లాకు కార్యాలయము ముందు జీపు నిలిచియుండుట మన ప్రాంతమున అలవాటైన దృశ్యమయ్యెను. కాలక్రమమున పాతబడిన ప్రభుత్వ జీపులు వేలములలో రైతుల చేతికి వచ్చినవి. వానిలో కొన్ని నేటికిని ఎరువుల బస్తాలు, పాల క్యానులు, పొలము పనికి కూలీలను మోయుచునే యున్నవి. ఇట్టి బండి గల రైతులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి గలదు: "ముందు చక్రాల హబ్బులు పోయినయ్యండీ, ఏవి వెయ్యమంటారు?" బజారులో దొరికినది తెచ్చి బిగించినచో డబ్బు పోవుటయే గాక, అవసరమైన వేళ బండి వాగు నడుమ నిలిచిపోవును. కావున ఈ విషయమును కొంచెము వివరముగా తెలుసుకొనుట మంచిది.

పాత జీపులో మామూలుగా వెనుక చక్రములే లాగును. డ్రైవరు లీవరు వేసినప్పుడు ముందు చక్రములకు కూడ శక్తి అందును. లీవరు తీసివేసిన తరువాత ఇంజను శక్తి ముందుకు పోదు గాని, తిరుగుచున్న ముందు చక్రములు తమతోపాటు ఇరుసు షాఫ్టులను, డిఫరెన్షియలును, ముందు ప్రొపెల్లర్ షాఫ్టును ఊరక త్రిప్పుచుండును. పని లేకుండ అరుగుట అనగా ఇదియే. లాకింగు హబ్బు చక్రమునకును షాఫ్టునకును నడుమ నుండు గొళ్ళెము వంటిది. దాని మొగను "ఫ్రీ" వైపు త్రిప్పిన చక్రము ఒక్కటే తిరుగును, షాఫ్టు నిలిచియుండును. "లాక్" వైపు త్రిప్పిన రెండును కలిసి తిరుగును. 1941 నుండి 1945 వరకు యుద్ధము కొరకు తయారైన విల్లీస్ జీపులకు ఈ అమరిక లేదు. 1948లో సంస్థ నెలకొల్పిన ఆర్థర్ వార్న్ అను అమెరికా దేశస్థుడు, యుద్ధానంతరము జనులు కొన్న జీపులకై ఇట్టి హబ్బులను తయారుచేసి అమ్మెను.

అసలు ఇవి మీకు అవసరమా అని ముందు ఆలోచింపుడు. హబ్బు వేసినచో ఆయిలు ఖర్చు సగమగునని చెప్పు దుకాణదారులు కలరు. అది నమ్మదగిన మాట కాదు. మిగులు కొద్దిపాటిదే. నిజమైన లాభము ముందు షాఫ్టుల జాయింట్లు, గేర్లు తక్కువ అరుగుట, చప్పుడు తగ్గుట. రోజూ తారురోడ్డు మీద దూరము తిరుగు బండికి ఇది ప్రయోజనమే. బండి సంవత్సరములో ఎక్కువ భాగము కొట్టములో నుండి, వానాకాలమున మాత్రము చేలకు పోవునదైనచో, హబ్బులకు బదులు పాత పద్ధతి ఫ్లాంజినే వేయించుకొనుట నా అభిప్రాయమున మేలు. అది చౌక, అందులో చెడుటకు కదిలెడు భాగమే లేదు.

హబ్బులే కావలెనన్నచో కొలతలు తీసికొని కాని బజారునకు పోరాదు. జీపు పేరు, సంవత్సరము చెప్పిన చాలునని తలపవద్దు. డెబ్బదేండ్ల బండిలో ముందు ఇరుసు ఎన్ని చేతులు మారినదో, ఏ బండి సామాను ఇందులో చేరినదో ఎవరికి తెలియును? మొదట షాఫ్టు కొన మీది స్ప్లైను పళ్ళు లెక్కింపవలెను. పాత విల్లీస్ తరహా జీపులకు 10 పళ్ళు, హబ్బు బిగించుటకు 6 బోల్టులు ఉండును. 1970ల తరువాతి అమెరికా జీపులలో 27 పళ్ళ షాఫ్టులు వచ్చినవి. 1980లలో 5 బోల్టుల హబ్బులు కూడ వచ్చినవి. ఆరు బోల్టులున్నచో ఎదురెదురు బోల్టు రంధ్రముల నడిమి నుండి నడిమికి కొలిచిన దూరమే ఆ వలయపు వ్యాసము. అయిదున్నచో ఎదురు రంధ్రము ఉండదు గనుక పాత ఫ్లాంజినే దుకాణమునకు తీసికొనిపోవుట సుఖము. షాఫ్టు కొనకు నట్టు బిగించు ఏర్పాటున్నదో, స్నాప్ రింగు పట్టు గాడి యున్నదో కూడ చూడవలెను. హబ్బు దానికి తగినదై యుండవలెను. కడపట, చక్రపు డిస్కు నడిమి రంధ్రములో హబ్బు దూరునో లేదో, ఎంత బయటకు వచ్చునో చూడుడు. బయటకు పొడుచుకొని వచ్చిన హబ్బును గట్టు రాయి ఒక్కటి చాలు పగులగొట్టుటకు.

కొలత కుదరనప్పుడు కుదిర్చి బిగించుట ఎంత చేటో రెండేండ్ల క్రిందట ఒక రేగడి గ్రామమున కన్నులార చూచితిని. కుడి హబ్బు పగిలినందున రైతు పాత సామాను అంగడిలో ఒకటి తెచ్చెను. స్ప్లైను పళ్ళు సరిపోయినవి గాని బోల్టు రంధ్రములు కలియలేదు. మెకానిక్కు ఆకురాయితో రంధ్రములను సాగదీసి బిగించెను. పది దినములు బాగుగనే నడచెను. పిదప జూలైలో వాన కురిసిన సాయంత్రము యూరియా బస్తాలతో వాగు దాటునప్పుడు ముందు చక్రములు లాగుట మానివేసినవి. సాగదీసిన రంధ్రములలో హబ్బు ముందుకు వెనుకకు ఆడి, బోల్టులు ఒకదాని తరువాత ఒకటి తెగినవి. ట్రాక్టరు వచ్చి లాగుసరికి బస్తాలు తడిసిపోయినవి. "నాలుగు డబ్బులు మిగుల్చుకుందామనుకున్నానండీ, ఎరువంతా వాగే తాగేసింది" అని ఆ రైతు నాతో అనెను.

ఎడమ హబ్బు బాగుగనే యున్నది గదా, అదియైనను ఏల లాగలేదని అతడు అడిగెను. డిఫరెన్షియలు స్వభావము అట్టిది. సులువుగా తిరుగు ప్రక్కకే శక్తి జారిపోవును. కాడికి ఒక ప్రక్క ఎద్దును విప్పివేసి రెండవదానిని అదలించినట్లే. అందుచేత ఒక హబ్బు లాక్‌లోను, రెండవది ఫ్రీలోను ఉంచరాదు. కొనునప్పుడు కూడ జతగా ఒకే రకమువి కొనుట మంచిది.

పాతవి కొనువారు విప్పించి చూడవలెను. లోపల ఒకదానినొకటి పట్టు పళ్ళ అంచులు గుండ్రబడినచో, బరువు పడినప్పుడు అవి జారును. స్ప్రింగు బలహీనపడినదేమో, ఒంట్లో వెంట్రుక వంటి పగులున్నదేమో వెలుతురులో చూడుడు. మొగ ప్లాస్టికుదైన దానికంటె లోహపుది బురదలో ఎక్కువ కాలము నిలుచును. ఆటోమేటిక్ హబ్బులు దిగి త్రిప్పు శ్రమను తప్పించును గాని, వానిలో చాల రకములు ఇంజను చక్రమును లాగునప్పుడే పట్టును. ఘాటు దిగునప్పుడు గేరు మీద బండిని ఆపదలచినచో పట్టు వదలవచ్చును. ఏజెన్సీ ప్రాంతపు రైతులకు చేతితో త్రిప్పునవే తగినవి. ఎల్లప్పుడు నాలుగు చక్రములు లాగు తరహా బండ్లకు మాత్రము ఈ హబ్బులు ఊరక తగిలింపరాదు. నడుమ డిఫరెన్షియలు గల బండిలో ముందు హబ్బులు ఫ్రీ చేసినచో బండి కదలకయే పోవచ్చును.

బిగించునప్పుడు లోపల బేరింగును పట్టియుంచు రెండు నట్లను అనవసరముగా కదలింపవద్దు. చక్రము ఆడుచున్నచో ముందు ఆ సంగతి చూచి, తరువాతనే హబ్బు వేయవలెను. గ్రీజు పలుచగా పూయుట చాలును. కూరినచో పళ్ళు కదలక సగములో పట్టుకొనును. గ్యాస్కెట్టు క్రొత్తది వేయవలెను. దమ్ము చేలలో తిరుగు బండికి నీరు చొచ్చుటయే పెద్ద శత్రువు.

బిగించిన తరువాత ఈ పరీక్ష చేయుడు. వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్ళు వేసి, ముందు చక్రములు రెండును లేపి, ఇరుసు క్రింద గట్టి దిమ్మలు పెట్టి, ఇంజను ఆపి, ఫోర్ వీల్ లీవరు వేయవలెను. హబ్బులు రెండును లాక్‌లో నుంచి ఒక చక్రమును చేతితో త్రిప్పినచో రెండవది ఎదురు దిశలో తిరుగవలెను. తిరుగనిచో ఒక హబ్బు పట్టుటలేదన్నమాట. ఏ చక్రము లాక్‌లోను ఫ్రీలో వలెనే తేలికగా తిరుగునో దోషము ఆ వైపున నున్నది.

హబ్బులు ఫ్రీలో నుండగా చిన్న గేరు వేసి బరువు లాగరాదు. భారమంతయు వెనుక ఇరుసు మీదనే పడి అది తెగవచ్చును. ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడుపుటయు తగదు. మొదటి 50 కిలోమీటర్లు నడిచిన పిదప బోల్టులు మరల పానాతో చూచుకొనుడు. నెలకొకసారి హబ్బులను లాక్‌లో వేసి, ఫోర్ వీల్ లీవరు వేయకుండ, కొన్ని కిలోమీటర్లు నడుపుడు. నిలిచియున్న షాఫ్టులకు, గేర్లకు నూనె అందును, మొగ తుప్పుపట్టి బిగిసికొనదు.