ఈనిన ఆవుకు ఆకలెంత?

మా పెద్దపల్లిలో ఏ ఇంట ఆవు ఈనినా చుట్టుపక్కల వాళ్లు ముందు జున్ను సంగతి అడుగుతారు. తరువాత దూడ పెయ్యా, కోడెయా అని. తల్లి ఏం తింటున్నదని అడిగేవారు తక్కువ.

మొన్న మా వీధిలో ఒక సంకరజాతి ఆవు ఈనింది. మూడోవారానికి రోజుకు 12 లీటర్లు. ఇంటావిడకు సంతోషమే గాని, ఆవు వీపెముకలు తేలుతున్నాయి. “పాలు పెరుగుతాంటే ఆవు బక్కగయితాందేందన్నా?” అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే!

ఈనిన ఆరు, ఎనిమిది వారాలకు పాలు నిండుగా వస్తాయి. తిండి మాత్రం పది, పన్నెండు వారాలకు గాని పూర్తిగా అందుకోదు. ఈ నడుమ ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది. కొంత సహజమే. హద్దు మీరితే దాణా ముట్టదు, పాలు తటాలున పడిపోతాయి, ఊపిరిలో ఒక తియ్యని వాసన. దీన్నే డాక్టర్లు కీటోసిస్ అంటారు. మళ్లీ ఎదకు రావడమూ ఆలస్యమే. అంటే వచ్చే ఈతా వెనుకబడినట్లే.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో పారినప్పటినుంచి మాకు వరిగడ్డికి కొదవ లేదు. చిక్కల్లా అక్కడే. వరిగడ్డి కడుపు నింపుతుంది గాని, అందులో మాంసకృత్తులు బహు తక్కువ. పైగా దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటపట్టనివ్వవు. పచ్చిజొన్న, అలసంద వంటి మేత, పల్లిచెక్కో పత్తిచెక్కో కలిసిన దాణా, లవణ మిశ్రమం తోడుండాలి.

లెక్క సులువు. ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ఆపైన రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. బర్రెకైతే రెండు లీటర్లకే కిలో. మా ఇంటావిడ పెడుతున్నది రెండు కిలోలు; కావలసినది ఆరు పైచిలుకు.

“అయితే ఇయ్యాల్నే ఆరు కిలోలు పెడ్త” అన్నది. అదీ ప్రమాదమే సుమండీ! కడుపులోని సూక్ష్మజీవులు కొత్త తిండికి అలవాటు పడాలి. లేకపోతే పులిసి, ఆవు మేతే మానేస్తుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపెడు పోసినా ఇదే గతి. రెండు మూడు రోజులకొక అరకిలో చొప్పున పెంచమన్నాను. ఎప్పుడూ ఎదుట నీళ్లుండాలి.

ఈనిన రెండు మూడు రోజుల్లో ఆవు లేవలేక, మెడ పక్కకు తిప్పి పడుకుంటే మాత్రం మేత సంగతి చూడకండి. అది పాలజ్వరం, అంటే నెత్తుట్లో కాల్షియం పడిపోవడం. ఆ స్థితిలో గొంతులో ఏమీ పోయరాదు. వెంటనే పశువుల డాక్టరును పిలవాలి, తెల్లవారేదాకా ఆగకుండా.