చేనిపై డేగ: రాయికి ముందు ఫోటో

కోడిపిల్ల పోయినంతనే కంటఁబడిన ప్రతి డేగపై రాయి రువ్వుట మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో వాడుక. మేమును రువ్వినవారమే.

అయితే చేనిపై ఒక్కచోటనే ఱెక్కలాడించుచు నిలిచి, నిట్టనిలువుగ దిగు చిన్న పక్షిని చూచితిరా? తెల్లని మేను, భుజములపై నల్లని మచ్చ, ఎఱ్ఱని కన్నులు. దాని ముఖ్యాహారము ఎలుకలు. వేరుసెనగ రైతునకిది కూలి యడుగని కావలివాఁడు. కోడిపిల్లలనెత్తునవి వేఱు: ఱొమ్మున సన్నని ఎఱ్ఱచారలతో తోపుల నడుమ దూసికొనిపోవు జాలెడేగ, తోఁక చీలిన గద్ద. జాలెడేగయు తొండలను, మిడుతలను తినును.

సందేహమైనచో ఉదయమున సూర్యుని వెనుకనుంచుకొని, ఱెక్కల యడుగుభాగము, తోఁక కనఁబడునట్లు ఫోటో తీయుఁడు. గూటి కడకు మాత్రము పోవలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వీనిని చంపుట నేరము. పిల్లలకోడిని గంపక్రింద మూయుఁడు.